మోటారు వైండింగ్ ఛానల్ పెట్టి ఏడాది కావస్తోంది, ఇంతవరకు పైసా రాలేదు

మోటారు మేస్త్రి (జనగామ) · ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. జనగామలో ఇరవై రెండేళ్లుగా వ్యవసాయ మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. పోయిన మే నెలలో మా అబ్బాయి సరదాగా నా పనిని ఫోనులో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. స్టార్టర్ మాటిమాటికీ పడిపోతుంటే ముందు ఏం చూసుకోవాలో చెప్పిన వీడియో అది. నలుగురూ చూశారు కదా అని వారానికొకటి చొప్పున పెడుతూ వచ్చాం. ఇప్పటికి 41 వీడియోలు, 640 మంది సబ్‌స్క్రైబర్లు. 1,900 గంటలు చూసినట్టు లెక్క చూపిస్తోంది.

షాపుకు వచ్చిన ప్రతివాడూ ‘మేస్త్రీ, లక్షలు వస్తున్నాయట కదా’ అంటాడు. మా బావమరిది ఒకడుగు ముందుకేసి అప్పు కూడా అడిగాడు. మా ఆవిడ మాత్రం ‘ఆ వీడియోల మీద పెట్టే పొద్దు ఇంకో మోటారు చుడితే చేతిలో డబ్బు పడుతుంది’ అంటోంది. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చుకోలేక ఇక్కడికి వచ్చాను. డబ్బు ఎప్పుడు మొదలవుతుంది? నాలాంటి ఛానల్‌కు ఎంత వస్తుంది? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, బాధపడను.

గోంగూర పచ్చడి (గుంటూరు) · ఏప్రిల్ 6

మేస్త్రి గారూ, నమస్కారం. నేను నాలుగేళ్లుగా వంటల ఛానల్ నడుపుతున్నాను. ముందు మీ ఆవిడకు నా తరఫున ఒక నమస్కారం పెట్టండి. ఆమె లెక్క చాలామంది లెక్కకంటే గట్టిది.

వీడియోల ముందు, మధ్యలో వచ్చే ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, గత 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. 2018 నుంచి ఇదే నిబంధన. గంటలు కాకపోతే 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే పొట్టి నిలువు వీడియోలకు, కోటి వీక్షణలు వచ్చినా సరే. అంతకంటే చిన్న మెట్టు ఒకటి 2023లో పెట్టారు. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు వీడియోలు, 12 నెలల్లో 3,000 గంటలు ఉంటే చేరనిస్తారు. కానీ ఆ మెట్టు మీద ప్రకటనల వాటా రాదు. అభిమానులు ఇచ్చే సభ్యత్వాలు, లైవ్‌లో పంపే సూపర్ చాట్ లాంటివే. మోటారు కాలి పంట ఎండుతున్న రైతు మీకు సూపర్ చాట్ పంపుతాడని నేను అనుకోను. మీరు పెద్ద మెట్టు మీదే కన్నేయండి.

‘గత 12 నెలలు’ అన్న మాట మర్చిపోకండి. మీ ఛానల్‌కు మే నెలలో ఏడాది నిండుతుంది. ఆ తర్వాత ఒక పక్క కొత్త గంటలు చేరుతుంటే ఇంకో పక్క పాత గంటలు రాలిపోతుంటాయి. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు ఉంటుంది. మొదటి ఏడాది చివర్లో చాలామంది నీరుగారిపోయేది ఇందుకే.

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 7

అమ్మా, ధన్యవాదాలు. పాత గంటలు రాలిపోతాయన్న సంగతి తెలియదు. 4,000 గంటలంటే ఎంతమంది చూడాలి?

పద్దుల పుస్తకం (విజయవాడ) · ఏప్రిల్ 7

నేను వృత్తిరీత్యా లెక్కల మనిషిని, అందుకని ఈ ప్రశ్న నాకు వదిలేయండి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తే 60,000 వీక్షణలు కావాలి. రెండే నిమిషాలకు వెళ్లిపోతే 1,20,000. అంటే ఎంతమంది వచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపు కూర్చున్నారన్నదీ అంతే ముఖ్యం. మీరు ఇంకా 2,100 గంటలు సంపాదించాలి. నాలుగు నిమిషాల లెక్కన 31,500 వీక్షణలు. ఇక వీడియోను తీసేసినా, ప్రైవేటుగా మార్చినా, డబ్బు కట్టి ప్రచారం చేసుకున్నా ఆ గంటలు లెక్కలోకి రావు. షార్ట్స్‌ను వరసగా తోసుకుంటూ చూసిన సమయం కూడా ఈ 4,000లో కలవదు.

రాకెట్ వేగం (హైదరాబాద్) · ఏప్రిల్ 7

ఇంత కష్టం ఎందుకు మేస్త్రీ! వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటలు కలిపి ఐదారు వేలకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. వారంలో పని అయిపోతుంది. లేదంటే కంప్యూటర్ గొంతుతో, ఎక్కడెక్కడివో బొమ్మలు కలిపి రోజుకు మూడు వీడియోలు తయారు చేసే పద్ధతి నేను నేర్పిస్తాను. ముఖం చూపించక్కర్లేదు, చేతికి మసి అంటక్కర్లేదు. నా మూడో ఛానల్ అలాగే నడుస్తోంది.

మానేసినవాడు (విశాఖపట్నం) · ఏప్రిల్ 7

మొదటి రెండూ ఏమయ్యాయండీ?

గోంగూర పచ్చడి · ఏప్రిల్ 7

మేస్త్రి గారూ, ఆ దారిన పోకండి. కొన్న సబ్‌స్క్రైబర్లు, కొన్న గంటలు నకిలీ అని తేలితే వాటిని తీసేయడమే కాదు, ఛానల్‌నే మూసేయవచ్చు. ఆ సరుకు అమ్మేవాళ్లలో కొందరు ‘పని తొందరగా అవుతుంది, మీ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అంటారు. ఇచ్చారా, ఛానల్ మీది కాదు. ఇక వెయ్యి దొంగ పేర్లు చేరాయే అనుకోండి. కొత్త వీడియో పెట్టినప్పుడు వాటిలో ఒక్కటి కూడా నొక్కి చూడదు. సొంత సబ్‌స్క్రైబర్లే చూడని వీడియోను ఇంకొకరికి ఎవరు చూపిస్తారు?

కంప్యూటర్ గొంతు సంగతికి వస్తే, గొంతు కంప్యూటర్‌ది అయినంత మాత్రాన తప్పు లేదు. ఒకే మూసలో పోసినట్టు కుప్పలుగా వచ్చే వీడియోలకు, ఇతరుల బొమ్మలు అతికించిన వాటికి డబ్బు ఇవ్వరు. ఆ నిబంధన ముందునుంచీ ఉంది. 2025 జూలైలో దానికి పేరు మార్చి మరింత వివరంగా చెప్పారు.

వేదిక నిర్వాహకుడు · ఏప్రిల్ 8

సబ్‌స్క్రైబర్ల కొనుగోలుకు సంబంధించిన ఫోను నంబరు ఒకటి ఈ చర్చలో పెట్టారు. తొలగించాం. మళ్లీ పెడితే సభ్యత్వం రద్దవుతుంది. చర్చ కొనసాగించండి.

పాత కెమెరా (కరీంనగర్) · ఏప్రిల్ 8

పద్దెనిమిదేళ్లు పెళ్లి వీడియోలు తీసిన చేతులు నావి. నిన్న రాత్రి కూర్చుని మేస్త్రి గారి వీడియోలు ఏడెనిమిది చూశాను. పని అద్భుతం. స్లాట్లలో కాయిల్ దింపే తీరు చూస్తుంటే కన్ను తిప్పుకోలేకపోయాను. చూపించే తీరు మాత్రం, మేస్త్రి గారు బాధపడనన్నారు కాబట్టి చెబుతున్నాను, అధ్వానం.

మొదటి నిమిషంన్నర ‘అందరికీ నమస్కారం, మన ఛానల్‌కు స్వాగతం, లైక్ చేయండి, గంట నొక్కండి’ అనే దండకంతోనే పోతోంది. మోటారు ఆగిపోయినవాడు పొలం గట్టు మీద నిలబడి చూస్తున్నాడండీ, నమస్కారాలకు ఓపిక ఉండదు. నోరు తెరవగానే ‘స్టార్టర్ నొక్కగానే పడిపోతోందా? మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో ముందు చూడండి’ అనండి. నమస్కారం చివర్లో పెట్టుకోవచ్చు.

రెండోది శబ్దం. పక్కన గ్రైండర్ తిరుగుతుంటే మీరు మాట్లాడుతున్నారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే వెళ్లిపోతారు. కాలరుకు తగిలించుకునే చిన్న మైకు కొనండి, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అంతకుమించి ఇప్పుడు ఏమీ కొనవద్దు. పెద్ద కెమెరా కొనేసి వీడియోలు మానేసినవాళ్లను చూశాను. వాటిలో రెండు కెమెరాలు సగం ధరకు నేనే కొన్నాను కూడా.

మీ వీడియోల్లో ఎక్కువమంది చూసిన ఆ మొదటి దాంట్లో వెనకాల రేడియో మోగుతోంది. సినిమా పాట. దాని సంగతి గమనించారా?

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 8

రేడియో షాపులో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది, అది లేకపోతే నాకు పని సాగదు. దాంతో ఏమవుతుంది? ఆ వీడియో పక్కన ‘కాపీరైట్’ అని ఏదో వచ్చిందని అబ్బాయి చెప్పాడు. వీడియో మాత్రం ఆడుతూనే ఉంది.

పాత కెమెరా · ఏప్రిల్ 9

అది క్లెయిము. పాటల హక్కుదారులు తమ పాటల నమూనాలను యూట్యూబ్‌కు ఇచ్చి ఉంచుతారు. ఎవరు ఏ వీడియో ఎక్కించినా యంత్రం దాన్ని ఆ నమూనాలతో పోల్చి చూస్తుంది. పాట కలిసిందంటే ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోవచ్చు. అంటే రేపు మీకు అర్హత వచ్చాక కూడా మీ అతి పెద్ద వీడియో ఇంకొకరికి సంపాదించి పెడుతుంది. రేడియోలో పాట వేసింది మీరు కాకపోయినా లెక్క ఒకటే.

స్ట్రైకు దీనికంటే పెద్దది. హక్కుదారు స్వయంగా ఫిర్యాదు చేసి వీడియోను తీయిస్తే స్ట్రైకు పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోతుంది. మీది క్లెయిము మాత్రమే కాబట్టి భయం లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఎడిటర్ తెరిచి ఆ పాట ఉన్నంత మేర శబ్దం తీసేయడమో, ఆ ముక్క కత్తిరించడమో చేయవచ్చు. వీడియోను అలాగే ఉంచి సరిచేయండి. తీసేసి మళ్లీ పెడితే ఇన్నాళ్ల గంటలన్నీ గల్లంతు.

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 9

ఇవాళ్టి నుంచి షూటింగ్ ఉన్న పూట రేడియో బంద్.

మానేసినవాడు · ఏప్రిల్ 9

వేడి మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోవద్దు. నేను పోటీ పరీక్షల ఛానల్ రెండేళ్లు నడిపాను. ఉద్యోగం చూసుకుంటూ రాత్రి రెండింటి దాకా ఎడిటింగు. అర్హత వచ్చిన రోజు మిఠాయి పంచాను. తర్వాతి ఆరు నెలలకు కలిపి నాకు వచ్చిన మొత్తం, ఆ రెండేళ్లలో నేను లైట్లకు, మైకులకు, ఇంటర్నెట్‌కు పెట్టిన దాంట్లో సగం కూడా లేదు. అయినా నన్ను విరగ్గొట్టింది డబ్బు కాదు. పిల్లవాడు ‘నాన్నా’ అని పిలిస్తే ‘ఉండు, రికార్డింగ్’ అనడం అలవాటైపోయింది. ఒకరోజు వాడు పిలవడం మానేశాడు.

నేను మానేసి మూడేళ్లు. మేస్త్రి గారికి చేతిలో పని ఉంది, అది అదృష్టం. దాన్ని తగ్గించుకుని దీన్ని పెంచుకోవద్దు, అంతే నా మాట.

రాకెట్ వేగం · ఏప్రిల్ 9

ఇలాంటి నిరాశ మాటలు విని ఉంటే లంబాడిపల్లి గంగవ్వ గంగవ్వ అయ్యేదా? గుడివాడ మస్తానమ్మ నూరేళ్లు దాటాక కట్టెల పొయ్యి మీద వండితే ప్రపంచమంతా చూసింది. వాళ్లకు ఏ చదువు ఉందని?

గోంగూర పచ్చడి · ఏప్రిల్ 10

ఆ ఇద్దరి పేర్లూ ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. గంగవ్వ కనిపించే మై విలేజ్ షో 2012లో మొదలైంది. ఆమె బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లింది 2020లో. మధ్యలో ఎనిమిదేళ్లు. ఆ ఊరివాళ్లు పొలం దున్నినంత ఓపికగా ఛానల్ దున్నారు. మస్తానమ్మ గారి వంటలు 2016లో మొదలయ్యాయి, ఆవిడ 2018 డిసెంబరులో పోయారు. ఆవిడ గోళ్లతో అల్లం పొట్టు తీసే ఆ చేతుల వెనక తొంభై ఏళ్ల వంట ఉంది. కంప్యూటర్ గొంతుకు ఆ అల్లం వాసన ఎక్కడిది నాయనా?

వాళ్ల పేర్లు చెప్పి జనానికి గంటలు అమ్మడం మాత్రం బాగాలేదు.

కథల పెద్దమ్మ (తిరుపతి) · ఏప్రిల్ 10

నేను మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పిల్లలకు నిద్రపుచ్చే కథలు చెప్పే ఛానల్ నాది. పిల్లల కోసం చేసిన వీడియోలని మనమే గుర్తు పెట్టాలి, 2020 జనవరి నుంచి అది తప్పనిసరి. అలా పెట్టిన వాటికి చూసేవారి ఇష్టాయిష్టాలను బట్టి వచ్చే ప్రకటనలు రావు, వ్యాఖ్యలు కూడా ఉండవు. అందుకని వీక్షణలు ఎక్కువైనా నాకు వచ్చేది తక్కువ. కొత్తగా పిల్లల ఛానల్ పెడదామనుకునేవారు ఇది తెలుసుకుని దిగండి. నాకైతే మనవలు దూరదేశంలో ఉన్నారు, వాళ్లు నా గొంతు విని పడుకుంటారు. ఆ మీద వచ్చింది లాభమే.

డల్లాస్ బాబాయి · ఏప్రిల్ 11

పెద్దమ్మ గారూ, మా ఇంట్లో మీ కథలు రోజూ మోగుతాయి. మా చిన్నది ‘ఒప్పుకుంది’ అన్న మాట మీ దగ్గరే నేర్చుకుంది.

ఇక్కడినుంచి చూసేవారి వల్ల ఛానల్‌కు డబ్బు ఎక్కువ వస్తుంది. అమెరికాలో ప్రకటనల ధర ఎక్కువ. కానీ మేస్త్రి గారి వీడియోలు నాలాంటివాడు చూసేది ఊరి మీద బెంగతో మాత్రమే. మాకు ఇక్కడ బోరు మోటారు ఎక్కడిది! అందుచేత మీ లెక్కల్లో మమ్మల్ని వేసుకోకండి.

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 11

అన్నీ వింటున్నాను. అయితే అర్హత వచ్చాక నెలకు ఎంత? ఎవరూ అంకె చెప్పడం లేదు.

గోంగూర పచ్చడి · ఏప్రిల్ 11

నాది నేను చెప్పగలను, ఇంకొకరిది చెప్పలేను. అన్నీ పోగా నా చేతికి వెయ్యి వీక్షణలకు మామూలు నెలల్లో ఇరవై, ముప్పై రూపాయలు. దసరా, దీపావళి ముందు కంపెనీలు పోటీపడి ప్రకటనలు వేస్తాయి కాబట్టి నలభై దాటుతుంది. జనవరి వచ్చిందంటే మళ్లీ పడిపోతుంది. కాబట్టి ఒక్క నెల చూసి మురిసిపోవద్దు, ఏడవవద్దు. మీ రోజువారీ వీక్షణలు ఎన్నో చూసుకుని మీరే గుణించుకోండి.

ప్రకటనదారు కట్టిన దాంట్లో మామూలు వీడియోలకు 55 శాతం మనకు ఇస్తారు, షార్ట్స్‌కు 45 శాతం. శాతాల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ షార్ట్స్‌కు వచ్చే అసలు మొత్తమే చాలా తక్కువ. నాకు లక్షల్లో చూసిన షార్ట్ ఒకటి ఉంది, దాని రాబడితో రెండు కిలోల కందిపప్పు రాలేదు. అది తెచ్చింది జనాన్ని. ఆ జనంలో కొందరు పెద్ద వీడియోలకు వచ్చారు.

ఇంకో చిన్న సంగతి. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోకే మధ్యలో ప్రకటన పెట్టుకోవచ్చు. అలాగని ఐదు నిమిషాల పనిని ఎనిమిదికి సాగదీయవద్దు. నేను ఒకసారి పులిహోరను పదకొండు నిమిషాలు కలిపాను. సగం మంది పోపు వేయకముందే వెళ్లిపోయారు.

నిజం చెప్పాలంటే మా ఇల్లు నడిచేది ప్రకటనల మీద కాదు. వీడియోలు చూసి జనం పచ్చళ్లు అడిగారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకుని ఏడాదిన్నరగా అమ్ముతున్నాను. ఆవకాయ రోజుల్లో పది రోజుల్లో వచ్చేది, ఛానల్ ఏడాదికి ఇచ్చే దానికంటే ఎక్కువ. మీకూ అలాంటిది ఏదో ఉంటుంది, ఆలోచించండి.

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 12

మీరు అన్నాక నిన్న రాత్రి రసీదు పుస్తకం తీశాను. గత మూడు నెలల్లో పాలకుర్తి, తొర్రూరు వైపు నుంచి వచ్చిన మోటార్లు పంతొమ్మిది. అంతకుముందు ఆ వైపు నుంచి ఎవరూ వచ్చేవారు కాదు. ‘ఫోనులో చూశాం’ అన్నారు. నేను దాన్ని ఛానల్ డబ్బు అనుకోలేదు. మా ఆవిడకు చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘మైకు కొనుక్కో’ అంది.

పద్దుల పుస్తకం · ఏప్రిల్ 12

పంతొమ్మిది మోటార్లు! ఇది చదివి లేచి నిలబడ్డాను.

ఇక డబ్బు వచ్చే దారి గురించి ముందే చెబుతాను, తర్వాత తలపట్టుకోకుండా. ఛానల్ మీ అబ్బాయి ఈమెయిల్ మీద ఉందా? వయసెంత?

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 12

వాడి మెయిల్ మీదే. ఇంటర్ మొదటి సంవత్సరం, పదహారు నిండాయి.

పద్దుల పుస్తకం · ఏప్రిల్ 13

అనుకున్నాను. ప్రకటనల డబ్బు వచ్చేది గూగుల్ వారి యాడ్‌సెన్స్ ఖాతా ద్వారా, దానికి 18 ఏళ్లు నిండాలి. నిండనివారి ఛానల్‌కు తల్లిదండ్రుల ఖాతా కలపవచ్చు. పని మీది, షాపు మీది, కాబట్టి మీ పేరుతోనే తెరవండి. పాన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో, యాడ్‌సెన్స్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక ఉండి నెలల తరబడి తిరిగినవారు నా దగ్గరికి వస్తుంటారు. ఒక మనిషికి ఒకటే ఖాతా. ఎప్పుడో తెరిచి మరిచిపోయినది ఉంటే అదే వాడాలి.

రాబడి పది డాలర్లకు చేరగానే మీ చిరునామాకు ఒక ఉత్తరం వస్తుంది, అందులో పిన్ నంబరు ఉంటుంది. మామూలు టపాలో వస్తుంది, రిజిస్టర్డు కాదు. ఇంటి నంబరు ఒక్కటే రాసి ఊరుకోకుండా ‘ఫలానా బడి ఎదురుగా’ అని గుర్తు కూడా రాయండి. పోస్టుమ్యాన్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. రాబడి వంద డాలర్లు దాటితేనే బ్యాంకుకు పంపుతారు. దాటకపోతే తర్వాతి నెలకు జమ అవుతూ పోతుంది. దాటిన నెల మరుసటి నెలలో 21 నుంచి 26 తేదీల మధ్య పంపుతారు. విదేశం నుంచి వచ్చే డబ్బు కాబట్టి బ్యాంకులో స్విఫ్ట్ కోడ్ అడిగి తీసుకోండి.

అమెరికా పన్ను ఫారం ఒకటి నింపమంటారు. ‘మనకెందుకులే’ అని వదిలేస్తే మొత్తం ఆదాయంలోంచే 24 శాతం దాకా కోసే అవకాశం ఉంది. నింపితే భారత్-అమెరికా ఒప్పందం ప్రకారం అమెరికాలో చూసినవారి వల్ల వచ్చిన ముక్క మీద మాత్రమే 15 శాతం. మీకు అమెరికా ప్రేక్షకుడు మన డల్లాస్ బాబాయి ఒక్కరే కాబట్టి కోత దాదాపు సున్నా.

ఈ ఆదాయాన్ని షాపు ఆదాయంతో కలిపి రిటర్నులో చూపించాలి. షాపు, ఛానల్ కలిపి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు సంగతి చూడాలి, అప్పుడు నన్నడగండి.

డల్లాస్ బాబాయి · ఏప్రిల్ 13

నా ఒక్కడి మీదా పదిహేను శాతమా! చూడటం మానేయనా?

పాత కెమెరా · ఏప్రిల్ 14

ఇంకో మాట మర్చిపోయాను. మేస్త్రి గారి వీడియోల పేర్లు ‘వీడియో నంబర్ 27’, ‘ఈరోజు పని’ అని ఉన్నాయి. వెతికేవాడు అలా వెతకడు. మైకు గుర్తు నొక్కి ‘మోటారు ఆన్ చేయగానే పడిపోతోంది’ అని నోటితో అడుగుతాడు. షాపు గుమ్మంలో రైతు ఏ మాటతో మొదలుపెడతాడో అదే మాట వీడియో పేరుగా పెట్టండి. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారూ ఉంటారు, కింద వివరణలో అలా కూడా ఒక వరస రాయండి.

నల్లరేగడి రైతు (నంద్యాల జిల్లా) · ఏప్రిల్ 15

నేను ఈ వేదికలో మాట్లాడటం ఇదే మొదటిసారి. మేస్త్రి గారి వీడియో చూసే మా మోటారు ఒకసారి కాలిపోకుండా కాపాడుకున్నాను. ఒక్క విన్నపం. మీరు తెలంగాణ పద్ధతి చెబుతారు, మా వైపు కరెంటు వేళలు వేరు. మీకు 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలు, మాకు పగటిపూట తొమ్మిది గంటలు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరగాలని మా వైపు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నవాళ్లున్నారు. మీ వీడియోలో వాటిని తీసేయమని ఒకే మాటలో చెప్పేశారు. ఎందుకు తీయాలో, పెట్టుకున్నవాడు ఏ జాగ్రత్త తీసుకోవాలో చెప్పండి.

మోటారు మేస్త్రి · ఏప్రిల్ 15

నిజమే అన్నా. మా షాపుకు వచ్చే మోటార్లే నాకు లోకం అనుకున్నాను. ఊళ్లో అన్ని ఆటో స్టార్టర్లూ ఒక్క క్షణంలో మోటార్లను లేపితే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు, ఒక ఫేజు రాకుండానే మోటారు లేస్తే వైండింగ్ కాలే తీరు, రెండూ చేసి చూపిస్తాను. కాలిన కాయిల్ నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, చూపించడానికి కొదవలేదు.

పాత కెమెరా · ఏప్రిల్ 15

చేసేటప్పుడు ఫ్యూజులు తీసి పక్కన పెట్టడం కూడా కెమెరాకు చూపించండి. మీ చేతికి అలవాటైన పనిని చూసి ఎవరో పిల్లవాడు 415 వోల్టుల తీగ పట్టుకోకూడదు.

మోటారు మేస్త్రి · సెప్టెంబరు 20

అందరికీ నమస్కారం. చాలా రోజులైంది. వానాకాలం నాట్ల సమయంలో షాపులో ఊపిరి తీసుకోవడానికి తీరిక లేకపోయింది, ఆరు వారాలు ఒక్క వీడియో కూడా పెట్టలేదు. అయినా పాత వీడియోలు వాటంతట అవే నడిచాయి, జూన్, జూలైలలో మరీను. ఆటో స్టార్టర్ వీడియో అన్నిటినీ దాటింది. ఆగస్టు 11న వెయ్యి దాటాం, నెలాఖరుకు 4,000 గంటలు. దరఖాస్తు పెడితే మొదటిసారి తిరిగి వచ్చింది. తప్పు మాదే. మా అబ్బాయి వేరే ఛానల్ నుంచి మోటారు లోపలి బొమ్మల వీడియోలు నాలుగు తెచ్చి కలిపాడట, చూడటానికి బాగుంటాయని. వాటిని తీసేశాం. 30 రోజులు ఆగి మళ్లీ పెట్టవచ్చన్నారు, ఆగుతున్నాం.

ఈలోపు ఒక కెపాసిటర్ల కంపెనీవాళ్లు ఫోను చేశారు. ‘మా సరుకు మంచిదని రెండు నిమిషాలు చెప్పండి, ఎనిమిది వేలు, ఒక పెట్టె కెపాసిటర్లు ఇస్తాం’ అన్నారు. ఏం చేయాలి?

పద్దుల పుస్తకం · సెప్టెంబరు 20

తీసుకుంటే అది డబ్బు తీసుకుని చేసిన ప్రచారమని వీడియోలో స్పష్టంగా కనబడేలా చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు పెట్టింది. ఉచితంగా వచ్చిన సరుకు కూడా ఆదాయమే. ఏడాదిలో ఒకరి నుంచి అలా వచ్చిన దాని విలువ 20,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేవారే ముందుగా పట్టే పన్ను, కోయాలని 2022 జూలై నుంచి నిబంధన ఉంది. చట్టం మాట ఇది. మిగతాది మీ ఇష్టం.

గోంగూర పచ్చడి · సెప్టెంబరు 21

ఆ కెపాసిటర్ మీ షాపులో వాడతారా? అదొక్కటే నా ప్రశ్న.

మోటారు మేస్త్రి · సెప్టెంబరు 21

వాడను అమ్మా. పోయిన ఎండాకాలం మూడు ఉబ్బిపోయి వచ్చాయి. నాకు జవాబు దొరికింది. మా బావమరిది మాత్రం ఎనిమిది వేలు వదులుకున్నానని మాట్లాడటం మానేశాడు. అప్పు అడగడం కూడా మానేశాడు, అదొక లాభం.

మోటారు మేస్త్రి · డిసెంబరు 9

అక్టోబరులో అర్హత వచ్చింది. ఇవాళ పోస్టుమ్యాన్ షాపుకే వచ్చి పిన్ ఉత్తరం ఇచ్చాడు. ‘బడి ఎదురుగా’ అని రాయమన్న పద్దుల పుస్తకం గారికి దండం. ఇప్పటికి ఖాతాలో 31 డాలర్లు. వంద చేరడానికి ఎండాకాలం దాకా పట్టేట్టుంది. ఉత్తరాన్ని మా ఆవిడ దేవుడి పటం దగ్గర పెట్టింది. నేను వద్దన్నా వినలేదు.

రసీదు పుస్తకం లెక్క కూడా చెబుతాను. ఏప్రిల్ నుంచి ‘ఫోనులో చూశాం’ అని వచ్చిన మోటార్లు 87. ఒక సహాయకుణ్ని పెట్టుకున్నాను.

మానేసినవాడు · డిసెంబరు 9

87 అంకె చూసి సంతోషంగా ఉంది మేస్త్రి గారూ. నేను మళ్లీ మొదలుపెట్టను గానీ, మీ వీడియోలు మా అబ్బాయీ నేనూ కలిసి చూస్తున్నాం. వాడికి పాత మిక్సీ మోటారు ఒకటి విప్పి ఇచ్చాను.

నల్లరేగడి రైతు · డిసెంబరు 10

మేస్త్రి గారూ, శుభం. ఇదే అదనుగా ఒకటి అడుగుతున్నాను. ఇంటి దగ్గర నీళ్ల ట్యాంకుకు సింగిల్ ఫేజు మోటారు ఉంది. స్విచ్చి వేస్తే గుయ్యిమంటోంది, తిరగడం లేదు. చేత్తో ఫ్యాను తిప్పితే అందుకుంటోంది. ఏమై ఉంటుంది?

మోటారు మేస్త్రి · డిసెంబరు 10

ముందు ఆ చేత్తో తిప్పడం ఆపండి, వేళ్లు పోతాయి. స్విచ్చి ఆపి ఫ్యూజు తీయండి. మీరు చెప్పిన తీరు చూస్తే నూటికి తొంభై పాళ్లు కెపాసిటరే. తీగలు ముట్టుకునే ముందు అందులో నిలవ ఉన్న కరెంటు పోగొట్టాలి. ఎలాగో రేపు పొద్దున వీడియో తీస్తాను, సాయంత్రానికల్లా పెడతాను. అప్పటిదాకా బకెట్లతో మోసుకోండి అన్నా.